టీవీ పక్కన ఇరవై డాలర్లు

“నేను ముట్టుకోలేదు సార్, మీరు పెట్టిన చోటే ఉంది!” కళ్ళజోడు మరిచిపోయి గదికి తిరిగొచ్చిన పెద్దాయన నోరు విప్పకముందే వెర్లీన్ రెండు అరచేతులూ తెరిచి చూపించింది. ఒహాయోలోని ఆ హోటల్లో ఆమె ఏళ్ళ తరబడి గదులు సర్దుతోంది. తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా తోపుడు బండి పెట్టుకుని, ముందుగా దిండు వంక చూస్తుంది. దిండు మీద డాలర్లుంటే అవి తనకు వదిలిన టిప్పే. బల్ల మీదున్నవి ఇచ్చినవో, మరిచిపోయినవో ఎవరు చెప్పగలరు? వాటి చుట్టూ దుమ్ము తుడుస్తుందే తప్ప వేలు తగలనివ్వదు. ఈ పూట టీవీ పక్కన ఇరవై డాలర్ల నోటు కనిపించింది.

“నీకోసమే పెట్టానమ్మా. తీసుకుంటే కరుస్తుందా ఏం?” అని నవ్వాడాయన.

“కరుస్తుంది సార్. కిందటి చలికాలం నాతో గదులు సర్దే రమోనాని కరిచింది. టిప్పేననుకుని జేబులో వేసుకుంది. ఆ గదాయన సాయంత్రం ఫోన్ చేసి, మరిచిపోయానన్నాడు. తెల్లారేసరికి దాని ఉద్యోగం లేదు.”

ఆయన నవ్వు ఆగిపోయింది. నోటు తీసి ఆమె చేతికివ్వబోయాడు. వెర్లీన్ ఒక అడుగు వెనక్కి వేసి, బల్ల మీది హోటల్ కాగితమూ పెన్నూ ఆయన ముందుకు జరిపింది.

“చేతికొద్దు సార్. ‘వెర్లీన్‌కి’ అని రాసి, కింద మీ సంతకం పెట్టి వెళ్ళండి. మీ వాళ్ళక్కూడా చెప్పండి, ఏ హోటల్లో దిగినా ‘గది సర్దేవాళ్ళకి’ అని ఒక్క ముక్క రాయమని.”