ఆయన గ్లాసు బియ్యం

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్‌లో, నన్ను కుటుంబ ఖర్చుల సర్వే కోసం ఏడాది పాటు తెనాలికి వేశారు. నందివెలుగు రోడ్డు వైపు పొలాలు ప్లాట్లయి లేచిన కాలనీ నా వంతు. అద్దె దగ్గర్నుంచి పాల ప్యాకెట్ దాకా ఒక కుటుంబం నెలంతా ఏం కొని ఏం తిని బతుకుతుందో ఆ ఇంట్లోనే కూర్చుని అడిగి రాసుకోవడం మా పని. జనం దొరికేది పొద్దున్నో సాయంత్రమో గనక తెనాలిలోనే గది తీసుకుని మెస్సులో తినేవాణ్ణి. మా ఇల్లు రేపల్లెలో. ఆదివారాలు మాత్రం వెళ్ళేవాణ్ణి.

నాకు వచ్చిన ఇళ్ళలో నాగరాణిది ఒకటి. సూర్యలంక దగ్గరి పల్లెకారుల కుటుంబం. ఇద్దరాడపిల్లల చదువు కోసం ఆమె ఇక్కడ అద్దెకు దిగింది. భర్త అక్కడే ఉండి సముద్రం మీద చేపల వేటకు వెళ్తూ డబ్బు పంపుతున్నాడు. ఊళ్ళో ఊరికే దొరికే చేప కూడా ఇక్కడ కొనాల్సిందే. సముద్రపు గాలి మాత్రం కొందామన్నా దొరకదని ఆమె నవ్వింది గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

సర్వేలో కుటుంబమంటే రక్తసంబంధం కాదు, ఒకే పొయ్యి మీద వండింది కలిసి తినేవాళ్ళు. ఏడాదిలో ఎక్కువ కాలం వేరేచోట తినే మనిషి లెక్కలోకి రాడు. ఆ ప్రకారం ముగ్గురని రాశాను. ఆమె ముఖం మారిపోయింది. ఆయన పేరు లేకపోతే మా ఇల్లే రాయొద్దంది.

నిబంధన చెప్పాను. ఆమె వంటగదిలోకి పిలిచి బియ్యం డబ్బాలోని గ్లాసు చూపించింది. పిల్లలకూ తనకూ పోశాక, ఆయనకని ఇంకో గ్లాసు రోజూ ఎసట్లో పడుతుందట.

"వేటకెళ్ళిన మనిషి బియ్యం తగ్గించకూడదు బాబాయ్‌గారూ. తగ్గిస్తే ఇంక రాడనుకున్నట్టే. మా అమ్మా ఇట్టాగే పోసేది. మిగిలింది పొద్దున్నే చద్దన్నం నేనే తింటానండి."

చదువుకున్నవాళ్ళు నవ్వొచ్చు. బోటు తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడి పెరిగిన మనిషికి అది నవ్వులాట కాదు.

నిబంధన మార్చడం నా చేతిలో లేదు. సభ్యుల్లో అతన్ని రాయలేదు. బియ్యం మాత్రం వదలకుండా రాశాను, అవి నిజంగా వండినవి, తిన్నవి గనక. ఆ మాటే ఆమెకు చెప్పాను. బియ్యం ఉంటే చాలండి అని, మిగతా లెక్కలు చెప్పడానికి కూర్చుంది. తర్వాత మా పై అధికారి ముగ్గురికి ఇన్ని బియ్యమేంటని ఫారం వెనక్కి పంపితే, ఆ గ్లాసు సంగతి వివరంగా రాసి అలాగే ఉంచమని అడిగాను. ఉంచారు.

ఆ ఆదివారం రేపల్లెలో మా ఆవిడను, నేను లేనప్పుడు నాకూ పోస్తావా అని అడిగాను. "మీరు ఫోన్ చేసేగా వస్తారు, ముందే పోసి ఏం చేసుకోనండి?" అంది. న్యాయమే. అయినా ఆ వారమంతా ఇంటి మీద బెంగ పట్టుకుంది. మా నిబంధన ప్రకారం, ఏడాదంతా మెస్సులో తినే నేనూ మా ఇంటి మనిషిని కాను.

ఆ తర్వాత నేను ప్రశ్నల వరస మార్చుకున్నాను. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగేముందు, ఎంతమంది ఉండాలని అడిగేవాణ్ణి. ఊరి చివర కాలనీల్లో ఈ రెండు జవాబులూ కలిసిన ఇళ్ళు తక్కువ. ఆ తేడాకు మా ఫారంలో గడి లేదు.