తుమ్మినా లేవని కాలు

కిటికీ అద్దం దించానో లేదో, మిరపఘాటు ముక్కులోకి దూరింది. గుంటూరు మిర్చి యార్డు ముందు సిగ్నలు దగ్గర ఆగి ఉన్నాను. తుమ్ము ఆపుకోవడం నా తరం కాలేదు. ఒళ్లంతా ఎగిరింది గానీ బ్రేకు మీదున్న కుడికాలు ఇసుమంత కదల్లేదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని తుమ్మినా అంతే, కాలు నేలను గట్టిగా అదుముతుంది. "నేల పారిపోతుందని భయమా మీకు?" అని మా ఆవిడ నవ్వుతుంది. అది సువార్తమ్మగారి చలవ అని ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో.

యార్డు వెనక సందులో సువార్తమ్మగారికి కార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. భర్త పోయాక అమ్మేయమని చుట్టాలంతా పోరినా వినకుండా, కొంగు నడుముకు బిగించి స్పానరు పట్టిన మనిషి. ఆవిడ షెడ్డులో కేకేస్తే యార్డులో హమాలీలు బస్తాలు దించేస్తారని మేం నవ్వుకునేవాళ్లం. భర్త ముచ్చటపడి కొనుక్కున్న పాత నల్ల అంబాసిడరును పెళ్లిళ్లకు అద్దెకు తిప్పేవారు. దాని డ్రైవరును నేను. "ఆయన తర్వాత ఆ స్టీరింగు పట్టింది నువ్వేరా కోటిగా" అనేవారు. అది పొగడ్తో బెదిరింపో తెలిసి చచ్చేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు వాడరేవులో పెళ్లివారిని దింపి ఖాళీగా తిరిగొస్తున్నాను. పొన్నూరు ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక మలుపులో బడిపిల్లలు సైకిళ్లతో రోడ్డుకు అడ్డం వచ్చారు. బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేలదాకా దిగిపోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే పక్కనున్న గడ్డివాములోకి తిప్పేశాను. పిల్లలకేమీ కాలేదు. వాళ్లే నన్ను బయటికి లాగి నెత్తి మీది గడ్డి దులిపారు. తర్వాత చూస్తే, కారు కింద బ్రేకు నూనె పారే ఇనుప పైపు ఉప్పుగాలికి తుప్పుపట్టి చిట్లి ఉంది. ఆ కాలపు బండికి నాలుగు చక్రాలకూ నూనె ఒకే చోటి నుంచి పోతుంది. ఒక్కచోట కారితే అన్నీ పోయినట్టే.

ఆ తర్వాత ఏ బండి స్టీరింగు ముందు కూర్చున్నా మెత్తగా దిగిపోయిన ఆ పెడలే గుర్తొచ్చేది. డ్రైవరన్నవాడికి భయం పట్టుకుంటే ఇక బతుకేముంది? తాళాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేశాను.

"యార్డులో బస్తాలు మోసుకుంటానండీ. ఇక నా వల్ల కాదు."

ఆవిడ తాళాల వంక చూడనైనా చూడలేదు. "మోద్దువుగానిలే. శనివారం వాడరేవు చర్చిలో మా అమ్మాయి కరుణ పెళ్లి. వాళ్ల నాన్న కారులోనే దిగుతానని పంతం పట్టింది పిల్ల. నువ్వే తోలాలి."

"పెళ్లికూతుర్నా! చంపినా తోలనండీ."

"ముందు పైపులు చేద్దాం రా. చంపే సంగతి తర్వాత చూద్దాం."

చిట్లినది ఒక్కటే కాదు, పైపులన్నీ మార్చాల్సిందే అన్నారు. కొత్త పైపు చుట్ట తెప్పించి, పాతదాన్ని పక్కన పెట్టి, ఒంపుకు ఒంపు నా చేతనే తిప్పించారు. "లాగకు, బుజ్జగించు. నలిగిందంటే పారెయ్యడమే." కొస కోసి, గరుకు తీసి, పైపు మూతిని గంటలా విప్పాలి. ఎంతో అందంగా విప్పాను. తీరా చూస్తే నట్టు ముందే తొడగడం మరిచాను, విప్పిన మూతి మీదుగా అది ఎక్కదు. "శభాష్‌రా! తాళి కట్టేసి పెళ్లికూతుర్ని వెతుకుతున్నావు" అని పడీపడీ నవ్వారు. కోసి మళ్లీ మొదలుపెట్టాను. ఆ పనిలో ఉన్నంతసేపూ భయం సంగతే గుర్తు రాలేదు.

ఇక మిగిలింది పైపుల్లోంచి గాలి తీయడం. గాలి ఉండిపోతే పెడలు మెత్తబడుతుంది. నేను లోపల కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. ఆవిడ చక్రం దగ్గర మర వదులు చేస్తే గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. మళ్లీ బిగించేదాకా నేను కాలు లేపకూడదు, లేపితే గాలి వెనక్కి దూరుతుంది. తుమ్మినా కాలు లేస్తుంది. అందుకే మిరప సీజనులో మా సందులో ముందు దండెం మీది చీర ఎటు ఎగురుతోందో చూసేవాళ్లం. యార్డు మీదుగా గాలి వీస్తుంటే ఎవరూ బ్రేకు జోలికి పోరు. ఆ రోజు చీర షెడ్డు వైపే ఎగురుతోంది. ఆగడానికి వీల్లేదు, తెల్లారితే పెళ్లి.

"తొక్కు! పట్టు!"

హాచ్! కాలు లేచిపోయింది.

"ఓరి నీ దుంప తెగ!" అని చక్రం దగ్గర్నుంచి కేక. పక్కనున్న టీకొట్టాయన, "ఒంటి తుమ్మమ్మా, కాసిని మంచినీళ్లు తాగి మొదలెట్టండి" అన్నాడు.

"శకునాలు నాకు లేవయ్యా, ఈ పైపుకున్నాయి. మళ్లీ మొదట్నుంచీ!"

తడి తువ్వాలు ముక్కుకు కట్టారు. అయినా తుమ్మాను, మళ్లీ కాలు లేచింది. కళ్లనిండా నీళ్లు, ఘాటుకో ఏడుపుకో నాకే తెలియదు. "నాకు చేతకాదండీ" అన్నాను.

ఆవిడ లేచి వచ్చి, కిటికీలో తల పెట్టి, మొదటిసారి మెల్లగా మాట్లాడారు. "తుమ్ము ఆపుకోమన్నానట్రా నిన్ను? తుమ్ముకో. భయమా, పడు. కాలు మాత్రం నాదనుకో. నేను వదలమనేదాకా అక్కడే ఉంచు."

ఆ తర్వాత ఎన్ని తుమ్ములు తుమ్మానో ఆ దేవుడికే తెలియాలి. కాలు మాత్రం లేవలేదు. పొద్దువాలేసరికి పెడలు రాయిలా గట్టిపడింది. అమరావతి రోడ్డు మీద ఆవిడే పక్కన కూర్చుని, ఆపించి, కదిలించి, మళ్లీ ఆపించి చూశారు.

మర్నాడు వెనక సీట్లో తెల్లచీరలో కరుణ, పక్కన ఆవిడ. పొన్నూరు దాటి ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందే కాలు బ్రేకు మీద పెట్టేశాను. సరిగ్గా అక్కడే ఒక గేదె, దాని వెనక దూడ, తాపీగా రోడ్డెక్కాయి. తొక్కాను. కారు ఆగింది! గేదె మావైపోసారి చూసి తన దారిన పోయింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"అమ్మగారూ, ఆగిందండీ!" అని అరిచాను. తిరిగి చూస్తే కరుణ నోటి మీద వేలు పెట్టుకుని నవ్వుతోంది. ఆవిడ తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, హాయిగా గుర్రు పెడుతున్నారు.

"పొన్నూరు రాకముందే నిద్రపోయింది అన్నయ్యా" అంది కరుణ.

సువార్తమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు సొంత కారుంది, అద్దెకు తిప్పుతున్నాను. ఎక్కగానే అందరూ "మెల్లగా పోనివ్వండి" అంటారు. కాసేపయ్యాక అద్దంలో చూస్తే ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. వాళ్లు తుమ్మి లేవకుండా యార్డు దాటేదాకా కిటికీలు ఎత్తేసి ఉంచుతాను. బండి ఖాళీగా ఉన్న రోజు మాత్రం దించుతాను.