జూమ్ లెన్సూ, చిరిగిన రెండు పేజీలూ

ఆ రోజుల్లో, ఒక పుస్తకం పూర్తిగా చదివితే ఆ విద్య పూర్తిగా వచ్చేసినట్టేనని నా గట్టి నమ్మకం. (ఇప్పటికీ కొంత ఉంది.) డెబ్బైల మధ్యలో విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. ఆర్నెల్లు తిరిగేసరికి లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క ఫోటోగ్రఫీ పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, నాలుగుసార్లు చదివేశాను. జూమ్ లెన్సు అధ్యాయమైతే కంఠతా వచ్చు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా దూరాన ఉన్న మనిషిని దగ్గరికి తెచ్చుకోవచ్చంటూ రెండు పేజీల నిండా దాని గొప్పతనమే. తర్వాతి రెండు పేజీలు ఎవరో చింపుకుపోయారు. గొప్పతనం ఇంకా మిగిలి ఉందన్నమాట అనుకున్నాను.

స్టూడియో యజమానిని అందరూ మాస్టారు అనేవాళ్ళు. ఆయన నన్ను ‘లైబ్రరీ’ అనేవారు. ఓడలో పనిచేసే బావమరిది తెచ్చిచ్చిన జూమ్ లెన్సును బీరువాలో పెట్టి, ఆయన మాత్రం పాత నార్మల్ లెన్సుతోనే పెళ్ళిళ్ళు తీసేవారు. దాంతో ముఖం పెద్దదిగా రావాలంటే చుట్టాల మధ్య మోచేతులతో దారి చేసుకుని ముందుకెళ్ళాల్సిందే. ఒకసారి ఆయనకు మంగళగిరిలో ఒక పెళ్ళి, అదే పొద్దున గుణదల దగ్గర చిన్న చర్చిలో ఇంకో పెళ్ళి పడ్డాయి. రెండోది నాకు అప్పగించారు. నేను ఒంటరిగా తీయబోయే మొదటి పెళ్ళి.

“ఒక్క లెన్సే పట్టుకెళ్ళు. అక్కడ విప్పుతూ బిగిస్తూ కూర్చోకు. నా మాట విని నార్మల్ తీసుకో.”

“జూమ్ అయితే ఫాదర్ గారికి అడ్డం రాకుండా వెనకనుంచే తీయొచ్చండీ. పుస్తకంలో ఉంది.”

“పుస్తకం రాసినాయన ఆ చర్చి చూశాడా?”

“చాలా చర్చిలే చూసుంటాడండీ.”

మాస్టారు బీరువా తాళం నా చేతిలో పెట్టారు. “సరే లైబ్రరీ. ఇది చెడగొట్టావంటే మళ్ళీ నీ చేతికి కెమెరా ఇవ్వను. పెళ్ళి రెండోసారి జరగదు, గుర్తుంచుకో.”

చర్చిలో చివరి బెంచీ పక్కన గోడకానుకుని దర్జాగా నిలబడ్డాను. చుట్టాలందరికీ ముందువాళ్ళ వీపులే కనిపిస్తుంటే, నా కెమెరా కంట్లో పెళ్ళికొడుకు వేళ్ళు నిండుగా కనిపించాయి. తాళి ముడి వేస్తుంటే గడగడ వణుకుతున్నాయి. పెళ్ళికూతురు తల ఇంకాస్త వంచి, పెదవి కదపకుండా నవ్వింది. నొక్కాను. మళ్ళీ నొక్కాను. పుస్తకానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం డార్క్‌రూమ్‌లో ప్రింట్లు తేలాయి. నా ఫ్లాష్ వెలుగు మూడో బెంచీ దాకానే వెళ్ళింది. అక్కడ కూర్చున్న పెద్దాయన బట్టతల మాత్రం అద్భుతంగా వచ్చింది.

“పెళ్ళికొడుకేడీ?” అన్నారు మాస్టారు.

“ఆ చీకట్లో ఉన్నాడండీ.”

మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని పెళ్ళివారింటికి వెళ్ళి, మళ్ళీ తీస్తామన్నారు. పెళ్ళికూతురి అమ్మమ్మ మంచం దిగి వచ్చింది. “ఫోటో కోసం మెడలో తాళి తీస్తారంటయ్యా? నేనుండగా కుదరదు.” చర్చికి వెళ్ళి అడిగితే ఫాదర్ గారు నవ్వి, “ప్రమాణాలు మళ్ళీ చేయించను. ఊరికే నిలబడి తీయించుకోండి,” అన్నారు. చివరికి తాళి మెడలోనే ఉంచి, పెళ్ళికొడుకు ఆమె మెడ వెనక చేతులు పెట్టాడు. నేను నార్మల్ లెన్సుతో మూడడుగుల దూరంలో నిలబడ్డాను. (మోచేతులతో పని పడలేదు, చుట్టాలందరూ వెళ్ళిపోయారు.) బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. నా చేతిలో కెమెరా నిలిచింది.

చాలా ఏళ్ళకు ఇంకో ఊరి లైబ్రరీలో అదే పుస్తకం చిరగకుండా దొరికింది. ఆ రెండు పేజీలూ నిలబడే చదివాను. ఈ లెన్సుకు వెలుతురు ఎక్కువ కావాలి, చీకటి గదుల్లో నమ్ముకోవద్దు అని ఉంది. పక్కన పేపరు చదువుకుంటున్నాయన విసుక్కునేదాకా నవ్వాను.

ఆ పెళ్ళి ఫోటో ఆ దంపతుల ఇంటి గోడమీద ఇంకా ఉంది. అందులో పెళ్ళికొడుకు చేతులు స్తంభాల్లా నిలకడగా ఉంటాయి. అవి ఎంత వణికాయో ఆవిడ మెడకు తెలుసు, చివరి బెంచీ దగ్గర నిలబడ్డ నాకు తెలుసు. అందుకే, నేను చదివిన ఆ మొదటి రెండు పేజీల్లో అబద్ధమేమీ లేదని ఈ వయసులో కూడా వాదిస్తాను.