ఎండలో లెక్కల పీరియడ్

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా నచ్చక వదిలేశాను. అలాంటి నాకు ఢిల్లీ మునిర్కాలో ఒక పిల్లను పొద్దున్నే లేపి బడికి పంపే బాధ్యత దక్కింది. డెబ్బైల చివరి రోజులు. అశోకా రోడ్డులో ఒక భోజనశాలలో వడ్డన నా పని. పదకొండింటికి వెళ్తే చాలు. పక్క గదిలో ఉండే ఆసుపత్రి నర్సుది కాకినాడ వైపు. అక్కా అనేవాణ్ణి. ఆమె నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిదయ్యేది. కూతురి బడేమో ఏడింటికే. ఢిల్లీ సర్కారు బళ్లలో పొద్దుటి పూట ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు.

ఆ పిల్ల హాఫ్ ఇయర్లీలో లెక్కలు తప్పింది. పెద్ద పరీక్షా తప్పితే అమ్మమ్మ ఊరికి పంపేస్తానని అక్క తేల్చి చెప్పింది. ఢిల్లీలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని రాయడం రాదు. అక్కడికి వెళ్తే అఆల నుంచి మొదలుపెట్టాలి.

పొద్దున్నే ఎంత లేపినా లేవకపోతే నేను బద్ధకమనుకున్నాను. మా వైపు ఆరింటికల్లా వెలుతురు వచ్చేస్తుంది; ఇక్కడ ఇంకా చీకటిగా ఉన్నా ఆరంటే ఆరే అనుకుని దుప్పటి లాగేవాణ్ణి, చన్నీళ్లు చల్లేవాణ్ణి, మొద్దునిద్ర మహారాణీ అని ఏడిపించేవాణ్ణి.

జనవరిలో ఒకరోజు, ఆ పిల్ల మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని క్లాసు దాకా వెళ్లాను. మొదటి పీరియడ్, లెక్కలు. లైటు లేదు. కిటికీ బయటంతా పొగమంచు. నల్లబల్ల మీద ఏం రాశారో గుమ్మంలో ఉన్న నాకే కనిపించలేదు. పిల్లలు చేతులు స్వెటర్లలోకి లాక్కుని తూగుతున్నారు. ఆ చన్నీళ్లు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

లెక్కల మేడమ్‌ను వరండాలో పట్టుకుని వచ్చీరాని హిందీలో బతిమాలాను. నాలుగో పీరియడ్‌లో ఉన్న డ్రిల్లు పొద్దున్నే పెట్టించి, ఆ వేళకు మైదానంలో చాపలు పరిచి ఎండలో లెక్కలు చెప్పమన్నాను.

"మీరెంత చదివారు, భయ్యా?" అందావిడ.

మొదటి పీరియడ్‌లో నిద్రపోయినవాళ్లు ఏమవుతారో చూపించడానికే వచ్చానన్నాను. ఆవిడ నవ్వింది. డ్రిల్లు టీచరుతో మాట్లాడి ఆ సోమవారం నుంచే మార్చింది.

పెద్ద పరీక్షలో ఆ పిల్ల లెక్కలు పాసైంది. అక్క మళ్లీ ఊరి మాట ఎత్తలేదు. నేనైనా ఊరుకోవచ్చుగా? గుమ్మంలో నిలబడి, ఇదంతా ఎండ మహిమ, ఆ ఎండ ఇప్పించింది నేను అని నాలుగిళ్లకూ వినపడేలా చెప్పుకున్నాను. ఆ పిల్ల నా చేతిలోని రిపోర్టు కార్డు లాక్కుంది.

"అచ్ఛా? ఎండలో అందరూ కూర్చున్నారు అంకుల్. లెక్కలు నేను చేశాను."