టూసాన్‌లో అమ్మ దిగని ఫోటో

మా చిన్నప్పుడు... ఎనభైల్లో, అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ ఫ్రిజ్ తలుపు మీద ఏడాది పొడుగునా నవంబరే ఉండేది. పాత క్యాలెండర్‌లోంచి అమ్మ చింపి అంటించిన కాగితం అది. అరిజోనా ఎడారి... మధ్యలో చేతులు పైకెత్తి నిలబడ్డ పెద్ద జెముడు చెట్టు.

అమ్మది అనంతపురం వైపు. "మా చేని గట్టు మీద జెముడు నా నడుము దాకా ఉండేది పాపా... ఇది సూడు, మేడంత ఉంది!" అని మురిసిపోయేది. దాని పక్కన నిలబడి ఒక్క ఫోటో దిగాలి, వాళ్లమ్మకి పంపాలి. అమెరికా వచ్చాక అమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

నాకు పదేళ్లప్పుడు, థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆ జెముళ్లుండే అరిజోనా ఊరు టూసాన్ వెళ్దామన్నారు నాన్న. అమ్మ నేరేడుపండు రంగు పట్టుచీర ఇస్త్రీ చేసి, మడత నలగకుండా ఒళ్లో పెట్టుకుని కార్ ఎక్కింది. ఫోటో కోసం!

ఆ రోజుల్లో మనవాళ్ల ట్రిప్పులు ఎలా ఉండేవో తెలుసుగా... ఏ ఊరెళ్లినా ఊరు చూడ్డం తర్వాత, ముందు తెలుగువాళ్లని వెతకాలి. దారిలో ఎల్‌పాసోలో మోటెల్‌లో దిగితే, నాన్న బూట్లు కూడా విప్పకుండా టెలిఫోన్ డైరెక్టరీ తీసి 'ఆర్' పేజీ తిప్పారు. రావులూ రెడ్లూ ఎవరైనా ఉన్నారేమోనని! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత జరిగింది తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

టూసాన్‌లో నాన్న కాలేజీ ఫ్రెండ్ ఇంట్లో దిగాం. ఆంటీకి ఏడో నెల, కాళ్లు వాచిపోయి ఉన్నాయి. వెళ్లిన గంటకే అంకుల్ ఫోన్ తీసి యూనివర్సిటీలో ఉన్న తెలుగు కుర్రాళ్లందరికీ చెప్పేశారు. పక్కనుంచి నాన్న, "మా ఆవిడ గారెలు వేస్తే ఎలా ఉంటాయో రేపు చూస్తారుగా!" అన్నారు. అమ్మని ఒక్క మాట అడగలేదు. పద్నాలుగు మందికి భోజనం!

మర్నాడు పొద్దున అమ్మ మిక్సీ దగ్గర నిలబడి మినప్పప్పు రుబ్బుతోంది. చిన్న జార్... వాయి తర్వాత వాయి. నాన్న కార్ తాళాలు ఆడిస్తూ వచ్చారు. "నువ్వెలాగూ వంటలో ఉంటావుగా. పాపని మేం తిప్పుకొస్తాం."

అమ్మ పిండి చేతులతోనే నా వైపు తిరిగింది. "పోయి రాండి... రీల్‌లో ఒక్కటి మిగిల్చు పాపా. రేపు పోయేటప్పుడు నేను దిగుతా."

ఎందుకు పోయి రమ్మన్నావమ్మా? అప్పుడే గరిటె విసిరికొట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఎడారిలో నవంబర్ ఎండ భలే ఉంటుంది... గోరువెచ్చగా, స్వెటర్ నడుముకి కట్టుకుని తిరిగాను. ఎటు చూసినా జెముళ్లే. ఇరవైనాలుగు ఫోటోల రీల్. నేను, నాన్న, అంకుల్... జెముడు పక్కన, జెముడు ముందర, జెముడుని వెక్కిరిస్తూ. ఇరవైమూడు అయ్యాక కెమెరా నేనే లాక్కున్నాను.

అంకుల్ కొత్త కార్‌కి ఆనుకుని నిలబడ్డారు. "ఇండియా పంపాలమ్మా... ఒకటి తియ్యి."

"ఇది అమ్మకి," అన్నాను.

"రేపు దారిలో రీల్ కొంటానుగా, తియ్యవే," అన్నారు నాన్న.

తీశాను. బటన్ నొక్కింది నేనే... ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ ఉంది.

శనివారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు కార్ ఎక్కింది. రీల్ అయిపోయిందని దారిలో చెప్పాం.  అమ్మ, "ఫోటో లేకుంటే పోనీ... ఒక్క నిమిషం ఆపండి, దగ్గరికి పోయి సూస్తా," అంది.

"ముందు ఏదో ఒక షాప్ వస్తుంది. రీల్ కొన్నాక ఒకేసారి ఆపుతా," అన్నారు నాన్న. కిటికీ అవతల జెముళ్లు వెళ్లిపోతూనే ఉన్నాయి.

గంట తర్వాత ఒక గ్యాస్ స్టేషన్‌లో, అదే పెట్రోల్ బంకులో, రీల్ దొరికింది. కానీ అక్కడ ఒక్క జెముడూ లేదు... గడ్డి, రాళ్లు, అంతే. ఆ చెట్టు ఊరి చుట్టుపక్కలే తప్ప అటు తూర్పున పెరగదని మాకెవరికి తెలుసు!

నాన్న కూల్‌డ్రింక్ మెషీన్ చూపించి, "పోనీ ఇక్కడ నిలబడు, తీస్తా," అన్నారు. అమ్మ కార్ తలుపు ధడాల్న వేసుకుంది. "నాకొద్దు. పోనియ్ కార్!"

"ఒక్క ముళ్లచెట్టు కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నారాయన.  ఇల్లు చేరగానే అమ్మ ఫ్రిజ్ మీద కాగితం పీకి చెత్తబుట్టలో పడేసింది.

మొన్న ప్లేనోలో మా ఇంట్లో పాత ఆల్బమ్ తీశాం. నాన్న మా అమ్మాయికి గొప్పగా చెబుతున్నారు, "టూసాన్‌లో భలే ఎంజాయ్ చేశాంరా!" అని. అది ఇరవైనాలుగు ఫోటోలూ తిప్పి చూసి అడిగింది, "మరి అమ్మమ్మ ఈ ట్రిప్‌కి రాలేదా?"

 అమ్మ లేచి, "టీ పెడతా, ఎవరికి కావాల?" అంది. "నువ్వు కూర్చో అమ్మా, టీ నాన్న పెడతారు," అని గట్టిగానే అరిచాను. నలభై ఏళ్లు ఆలస్యంగా.

ఇప్పుడు ఫోన్‌లో వేల ఫోటోలు... రీల్ అయిపోవడమన్న బాధే లేదు. మీ ఇంట్లో కూడా పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి తీయండి. అమ్మ ఎన్నింట్లో ఉందో చూడండి... లేని ఫోటోలు తీసినప్పుడు ఆవిడ ఏ వంటింట్లో ఉందో ఇక్కడ రాయండి.