పళ్ల డాక్టరుగారి జీను

ఊరి వార్షికోత్సవ ఊరేగింపులో పెద్ద డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడగానే గుర్రం ఒక్క దూకు ముందుకు దూకింది. దాని మీదున్న పళ్ల డాక్టరుగారు మాత్రం ముందుకు వెళ్లలేదు. ఛాతీకి కవచం, నెత్తిన ఇనుప టోపీ, చేతిలో కత్తి, కింద జీనుతో సహా, కూర్చున్న తీరు చెదరకుండా గుర్రం తోక మీదుగా రోడ్డు మీదికి దిగారు. గుర్రం వెనక్కి తిరిగి చూడలేదు. వెనక వస్తున్న ఈటెల రౌతులు ఆయనకు చెరో పక్కనుంచీ మర్యాదగా సాగిపోయారు.

ఆ జీను కుట్టినవాడు జనంలో భార్య పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఆ చేతులు కాస్త ఆలస్యంగా ఆగాయి.

నిజానికి అతను కుట్టేది స్కూటర్ సీట్లు. మార్కెట్ వీధి మలుపులో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఉండాల్సినంత కొట్టు. నిండా రెగ్జిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు, జిగురు వాసన. బోర్డు మీద మాత్రం ‘జీనుల దుకాణం’ అని ఉంటుంది. ముత్తాత ఏదో రిసాలాకు, అంటే గుర్రపు దళానికి, జీనులు కుట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ రిసాలాకని అడిగితే ఇల్లంతా దగ్గుతుంది. వీధిలో అందరూ అతన్ని రిసాల్దారని, అంటే ఆ దళానికి నాయకుడని, పిలుస్తారు. వెటకారమని తెలిసీ పలుకుతాడు.

వచ్చినవాళ్లను పాతకాలపు రౌతుల లెక్కన విడదీయడం అతనికి సరదా. సొంత బండి మీద వస్తే సిలేదారు. పూర్వం సొంత గుర్రంతో కొలువుకొచ్చేవాడి పేరది. ఆఫీసు బండి మీద వస్తే బారుగీరు; గుర్రం సర్కారుది, నడుంనొప్పి ఒక్కటే సొంతం. ఒకే స్కూటర్ మీద వచ్చి, దిగాక సీటు రంగు కోసం పోట్లాడుకునే ఆలుమగలు డ్రాగూన్లు. వాళ్లు గుర్రం మీద వెళ్లి నేల మీద యుద్ధం చేసే జాతి.

“మరి మనమేంటి?” అని భార్య ఒకసారి అడిగింది. వాళ్లకు బండి లేదు.

“మనది కాల్బలమే” అన్నాడు.

బావమరిదికి పెద్ద టైర్ల షాపుంది. ఊళ్లో ఒక్క గుర్రం లేకుండా జీనుల బోర్డేమిటి, తీసేసి తన దగ్గరికొచ్చి కూర్చోమని కనిపించినప్పుడల్లా పోరేవాడు. భార్యకూ అదే సబబనిపించింది. చివరికి ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. అసలైన జీను ఒక్కటి కుట్టి చూపిస్తే బోర్డు ఉంటుంది. లేదంటే బోర్డు దిగుతుంది, రిసాల్దారు బావమరిది కొట్లో స్టూలెక్కుతాడు.

అంతలో దేవుడు పంపినట్టు పళ్ల డాక్టరుగారు వచ్చారు. ఊరేగింపులో ఆయనది కవచ రౌతు వేషం. ఇనుము తొడుక్కుని భారీ గుర్రంతో శత్రువును గుద్దేసే రకం. ఆయన పొట్టకు మరో వేషం పట్టలేదు.

రిసాల్దారు సీట్లవాడి పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. ఆయన్ని స్పాంజి మీద కూర్చోబెట్టి చుట్టూ సుద్దగీత గీశాడు. లేవమని, పడ్డ గుంటను వేళ్లతో తడిమాడు. ఎడమవైపు బరువెక్కువ వేస్తున్నారని చెబితే, డాక్టరుగారు పుచ్చుపన్ను బయటపడ్డ రోగిలా సిగ్గుపడ్డారు. గుర్రాలు ఉత్సవం నాటి పొద్దున్నే పైఊరి నుంచి లారీలో వస్తాయి గనక కొలవడానికి దొరకవు. దానికతను దిగులుపడలేదు. రౌతు కొద్దీ గుర్రం అన్నారు పెద్దలు. రౌతు కొలత చేతిలో ఉంది.

తోలు మేలైనది, కుట్టు గట్టిది. ఇక మిగిలింది కట్టు. స్కూటర్ సీటు కవరుకు కింద ఎలాస్టిక్ వేసి కొక్కేలు తగిలిస్తారు. అతను వేసినవి ఏనాడూ ఊడి రాలేదు. గుర్రం పొట్ట కిందా అదే వేశాడు. పైగా గుర్రం ఊపిరి పీల్చుకునేది కదా, ఎలాస్టిక్ అయితే దానికీ హాయి అని భార్యకు వివరించాడు. స్కూటర్ ఉలిక్కిపడదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఊరేగింపు మర్నాడు బావమరిది నిచ్చెన తెచ్చి కొట్టు ముందు వేశాడు. బోర్డుకు ఒకవైపు మేకు ఊడదీశాడు కూడా. అప్పుడే డాక్టరుగారు జీను చంకలో పెట్టుకుని కుంటుతూ వచ్చారు.

“ఏమయ్యా, ఊరందరి ముందూ నన్ను నడిరోడ్డు మీద కూర్చోబెట్టావు. దీన్ని జీనంటారా?”

బావమరిది సుత్తి గాల్లో ఆగింది. భార్య గుమ్మంలోకొచ్చి నిలబడింది. రిసాల్దారు జీనును అందుకుని, దుమ్ము దులిపి, అంచు పొడవునా కుట్టు తడిమి చూశాడు. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు.

“మిమ్మల్ని గుర్రం వదిలేసింది గానీ, జీను వదల్లేదు కదండీ.”