అప్పలరాజు టాక్సీకి మత్తు డాక్టరమ్మ

పోయిన నెలలో ఒక పాత అద్దె కారులో రుషికొండ ఎత్తు ఎక్కుతున్నాను. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. డ్రైవరు కుర్రాడు గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. ఇంజన్లోంచి చప్పుడు మొదలైంది, రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు. కుర్రాడు పాటలు గట్టిగా పెట్టుకున్నాడు, అతనికి వినబడలేదు. "గేరు తగ్గించు నాయనా, ఇంజను కొట్టుకుంటోంది" అంటే అద్దంలో నా తెల్లజుట్టు చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నా ఒళ్లు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు లెండి. కానీ ఆ చప్పుడు వింటే మటుకు కోపం కన్నా ముందు జుబేదా డాక్టరమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడకు కారు రివర్స్ చేయడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. అయినా ఇంజను గొంతు వినడం నాకు నేర్పింది ఆవిడే.

మాది గోదావరి జిల్లా. నాన్న పోర్టు ఉద్యోగానికి వస్తే నేను విశాఖలోనే పుట్టి పెరిగాను. ఎనభైల మొదట్లో మద్దిలపాలెంలో సత్యం మెకానిక్ షెడ్డు అంటే నాదే. కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఒక బండి సగం విప్పి ఇంకో బండి బానెట్ ఎత్తేవాణ్ణి. టీ చల్లారేదాకా కూర్చున్న పాపాన పోలేదు. డాక్టరమ్మగారిది వన్ టౌన్‌లో కలప వ్యాపారం చేసే కుటుంబం. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. తన పాత ఫియట్‌ని బాగుచేయించుకోవడానికి వచ్చి, పని అయ్యేదాకా నా పక్కనే నిలబడేవారు. "ఆలస్యం అమృతం విషం కదండీ, మీరు ఇంటికెళ్లండి, పంపించేస్తాను" అని నేను తరిమినా కదిలేవారు కాదు. "సత్యం, మా పనిలో తొందరే విషం. నువ్వు కానియ్, నాను సూత్తాను" అనేవారు. అంత చదువుకున్నావిడ మా అందరితో వీధి భాషే మాట్లాడేవారు, మధ్యలో ఉర్దూ కలిపి.

ఆ రోజుల్లో ఓడ మీద ఇంజనీరుగా పనిచేసే నా స్నేహితుడొకడు విదేశాల నుంచి ఒక సామాను తెచ్చాడు. కరెంటుతో తెరుచుకునే రెండు వాల్వులు, సన్నటి గొట్టాలు, గ్యాసును కార్బురేటర్ కింద చిమ్మే ముక్కు. నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాసును ఇంజన్లోకి వదిలితే కొన్ని క్షణాల పాటు దాని బలం అమాంతం పెరుగుతుంది. ఆ గ్యాసు తనంతట తాను మండదు. లోపల వేడికి విడిపోయి ప్రాణవాయువునిస్తుంది, దాంతో ఇంకాస్త పెట్రోలు మండుతుంది. పెట్రోలు తగ్గిందా, పిస్టన్ మైనంలా కరుగుతుంది. ఉక్కు నగరం వైపు అప్పుడే కొత్త రోడ్డు వేశారు, ఇంకా బళ్లు వదల్లేదు. అక్కడ కార్ల పందెం పెడుతున్నారని తెలిసింది. ఒక కాంట్రాక్టరు తన విదేశీ కారుతో వస్తున్నాడు. ఆయన నా షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా హారన్ కొట్టి మరీ పోయేవాడు. అది నాకు అరగలేదు. నాకు సొంత కారు లేదు. నా స్నేహితుడు అప్పలరాజుకు అంబాసిడర్ టాక్సీ ఉంది. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఆ కారు మీదే బతకాలి. "నా కారుకే పెట్టీ బావ! ఆడి పొగరు అణిసేద్దాం" అని వాడే ముందు ఎగిరాడు. వాడు ఎగరకపోయినా నేను వదిలేవాణ్ణి కాదు.

ఆసుపత్రుల్లో మత్తుకు వాడేదీ ఈ గ్యాసే కదా అని డాక్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. ఒక సిలిండరు ఇప్పించమన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "ఆస్పత్రిది పేషెంట్లకి. ఒక్క బుడగ కూడా ఇవ్వను. నువ్వు డీలరు దగ్గర కొనుక్కో" అన్నారు. నేను లేవబోతుంటే, "కూకో. ఆపడం ఎలాగో సెప్పు ముందు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "గ్యాసు ఎలా ఎక్కించాలో నీకు తెల్సు. మధ్యలో తేడా వస్తే ఎలా ఆపుతావ్? మాం మనిషికి మత్తిచ్చే ముందు ఎలా లేపాలో సూసుకుంటాం. ముందు ఆక్సిజన్ తెరుత్తాం, తర్వాతే ఈ గ్యాసు. కట్టేటప్పుడు ఇది ముందు కట్టేసి ఆక్సిజన్ ఉంచుతాం. నీ ఇంజనుకి ఆక్సిజన్ ఏటి?" అన్నారు. పెట్రోలు అన్నాను. "మరింకేం. ముందు పెట్రోలు, తర్వాత గ్యాసు. ఆదివారం వత్తాను." నేను రమ్మనలేదు, ఆవిడే వచ్చారు.

ఆ ఆదివారం ఒక ఆదివారంతో పోలేదు. మొదట ఇంజను ఆరోగ్యం తేల్చమన్నారు. ప్రతి సిలిండర్‌లోనూ కంప్రెషన్ కొలిచాను, వాల్వులు నూరి బిగువుగా కూర్చోబెట్టాను, హెడ్ గాస్కెట్ మార్చాను, ప్లగ్గులు మార్చాను. మంట కాస్త ఆలస్యంగా అంటుకునేలా టైమింగ్ వెనక్కి జరిపాను. అదనపు పెట్రోలుకు వేరే పంపు బిగించి, పెట్రోలు ఒత్తిడి తగ్గితే గ్యాసు దానంతట అదే ఆగిపోయే స్విచ్చి పెట్టాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే గ్యాసు, కాలు ఎత్తితే బంద్. ఇంత చేశాక, డీలరు దగ్గర కొన్న గ్యాసు సిలిండర్ మూతి మరను గ్రీజు చేత్తో ముట్టుకోబోతే ఆవిడ నా మణికట్టు మీద ఒక్కటి వేశారు. "ఈ గ్యాసు దగ్గర నూనె, గ్రీజు పనికిరావు, పేలుద్ది. సబ్బుతో కడుక్కో పో." డిక్కీలో సిలిండర్‌ని ఇనుప పట్టీలతో కట్టించి, దాని సేఫ్టీ గొట్టం కారు బయటికి దించమన్నారు. "తలుపులేసిన కారులో లీకయిందనుకో, నిన్ను లేపడానికి నానుండను" అన్నారు. అప్పలరాజు సహనం చచ్చిపోయింది. "ఏటి బావ ఇది, కారుకి పురుడు పోస్తన్నావా?" అని సణిగాడు. నిజం చెప్పాలంటే నా సహనం వాడికన్నా ముందే చచ్చింది.

ఒకరోజు ఆవిడ బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి, "థియేటర్లో ఇది పేషెంటు గుండె మీదే ఉంటాది. మరి దీనికో?" అన్నారు. ఇంజను దిమ్మకు ఒక రాగి గొట్టం బిగించి, దాన్నుంచి రబ్బరు గొట్టం కారులోకి లాగి, చివర ఆవిడ స్టెతస్కోపు తగిలించాను. ఖాళీ రోడ్డు మీద సరంజామా పరీక్షించేటప్పుడు ఆవిడ నా పక్క సీట్లో కొంగు నడుముకు చెక్కుకుని, చెవుల్లో అది పెట్టుకుని, ఎడమ చెయ్యి పైకెత్తి కూర్చునేవారు. చెయ్యి దించారంటే ఇంజను కొట్టుకుంటోందని లెక్క, నేను కాలు ఎత్తాలి. ప్రతి పరుగులోనూ మంచి వేగంలో ఉండగా ఇంజను కట్టేసి, కారు దానంతట అది ఆగాక ప్లగ్గులు తీసి, వాటి రంగును బట్టి లోపల మంట ఎలా ఉందో చూడాలి. పరుగు రుచి తెలిసే సరికి ఆపడం! అన్నం ముందు కూర్చోబెట్టి కంచం లాక్కున్నట్టుండేది. చల్లటి ఉదయాల్లో మాత్రం అంతా బాగా కుదిరింది. ఎండకు గ్యాసు ఒత్తిడి పెరిగి, పెట్రోలుకు మించి చిమ్ముతుందని సిలిండర్ మీద తడి గోనెసంచి కప్పేవాళ్లం.

పందెం పొద్దున్నే అన్నారు. ముఖ్య అతిథి వేళకు రాలేదు. ఎండ ఎక్కింది, షామియానా కింద మైకులో ఉపన్యాసాలు మొదలయ్యాయి. అతిథి వచ్చే దారిలో దుమ్ము లేవకూడదని వలంటీర్లు మా నీళ్ల డబ్బా పట్టుకుపోయి రోడ్డు మీద చల్లేశారు. గోనెసంచి ఎండిపోయి అట్ట కట్టింది. దండలన్నీ పడ్డాక మమ్మల్ని పిలిచారు. తాగడానికి మిగిలిన నీళ్లు సిలిండర్ మీద పోశాం. డాక్టరమ్మగారు తడిమి చూసి, చల్లగానే ఉందన్నారు. పైన చల్లబడింది, లోపల కాగుతూనే ఉంది. అది మా ఇద్దరికీ తట్టలేదు.

జెండా ఊపారు. నా పక్క సీట్లో స్టెతస్కోపుతో డాక్టరమ్మగారు, అవతల కాంట్రాక్టరు కారు. మొదట ఆయనే ముందు. మూడో గేరులో కాలు పూర్తిగా తొక్కాను. ఎవరో వెనక నుంచి ఎత్తి విసిరినట్టు అంబాసిడర్ ఎగిరింది. అంత వేగం నేను పుట్టి ఎరగను. ఆయన్ని దాటాం, ఆయన మొహం నా కిటికీలోంచి వెనక్కి పోయింది. చివరి గీత కనబడుతోంది, జనం కేకలు వినబడుతున్నాయి. అప్పుడు నా పక్కన చెయ్యి కిందికి దిగింది. నాకు ఏ చప్పుడూ వినబడలేదు. ఇంకొక్క ఊపిరి తీసేంతసేపు తొక్కితే చాలు, గెలిచాం. కాలు మాట వినలేదు, ఒళ్లంతా ఎత్తొద్దంది. ఎత్తాను. కాంట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు.

అప్పలరాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నెగ్గేసినాం కదరా! ఎందుకాపినావ్? ఆయమ్మని ఎక్కించుకున్నప్పుడే అనుకున్నాను నాను!" అని అందరి ముందూ అరిచాడు. ఆవిడ కారు దిగారు. బానెట్ ఎత్తి, "మూడోది తియ్యి" అన్నారు. చెయ్యి కాలుతున్నా ప్లగ్గు తీశాను. తెల్లటి పింగాణీ మీద ఉప్పు పొడి చల్లినట్టు మెరిసే చుక్కలు. పిస్టన్ కరగడం మొదలైతే వచ్చే చుక్కలవి. ఇంకొక్క క్షణం తొక్కి ఉంటే దానికి బొక్క పడేది. కంప్రెషన్ చూస్తే తగ్గలేదు, ఇంజను దక్కింది. అప్పలరాజు చల్లారిన ఆ ప్లగ్గును అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "డాక్టరమ్మా, మంచినీల్లు తెత్తానుండండి" అని వెళ్లాడు.

నేను రోడ్డు పక్క రాయి మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. "సప్పట్లు కావాలి నీకు" అన్నారు. "ఎవడికి అక్కర్లేదండీ?" అన్నాను కోపంగా. ఆవిడ నవ్వారు. "ఆపరేషన్ సేసినాయనకి దండాలు పెడతారు సత్యం. మత్తిచ్చిన దాని పేరు కూడా ఎవడికీ తెల్దు. పేషెంటు లేచి ఇంటికెల్తాడు. అదే మన గెలుపు. దానికి సప్పట్లుండవు, అలవాటు సేసుకో."

అలవాటు కాలేదు. ఈ వయసులోనూ కుదురు రాలేదు, ఇంట్లోవాళ్లను అడిగితే చెబుతారు. కానీ షెడ్డు మూసేదాకా ఏ బండినీ ఇంజను గొంతు వినకుండా బయటికి పంపలేదు, ఏ పని మొదలుపెట్టినా ముందు దాన్ని ఆపే దారి వెతికాను. ఆ పందెం గెలిచేవాళ్లమే, ఆ మాట చచ్చేదాకా అంటాను. కానీ ఆ మర్నాడు తెల్లవారగట్ల గ్యాసు సామానంతా విప్పేసిన అంబాసిడర్ వేసుకుని, అప్పలరాజు ఎప్పట్లాగే రైల్వే స్టేషన్ దగ్గర బేరం కోసం నిలబడ్డాడు.